కరివేపాకుకి పురుగు పట్టిందా? మందు కొట్టేముందు కాసేపు చూడండి

మొక్కలు పెంచేవాళ్ళు ఇద్దరు కలిస్తే మూడో మాటకల్లా వచ్చేసే ప్రశ్న ఒకటుంది, కరివేపాకుకి పురుగు పట్టేసింది ఏం కొట్టాలి అని. వేపనూనె అని ఒకళ్ళు, పుల్ల మజ్జిగ అని ఇంకొకళ్ళు, కాస్త బూడిద చల్లవే అని అమ్మమ్మలు, ఇవన్నీ ఎందుకని డైరెక్ట్‌గా షాపుకెళ్ళి మందు సీసా తెచ్చేసుకునేవాళ్ళు కొందరు. అసలు ఆ పురుగు ఏంటి, పెద్దయ్యాక ఏమవుతుంది, దాన్ని తినడానికి ఎవరెవరు వస్తారు అనేది మాత్రం ఎవరూ అడగరు. పెరట్లో కనిపించే జీవాల గురించి మనకున్న గందరగోళం అంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది, ఇది మంచిది ఇది చెడ్డది అని రెండు లిస్టులు రాసేసుకుంటాం, కానీ అక్కడున్న ప్రతి ప్రాణికీ చిన్నప్పుడు ఒక వేషం పెద్దయ్యాక ఒక వేషం, మామూలప్పుడు ఒక తిండి పిల్లలున్నప్పుడు ఇంకో తిండి, అందుకని లిస్టు రాసిన వారానికే తప్పయిపోతుంది.

సరే కరివేపాకుతోనే మొదలెడదాం. కరివేపాకు, నిమ్మ, నారింజ, మారేడు అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. అందుకే నిమ్మచెట్టు మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలు కరివేపాకు మీద కూడా పెడతాయి. మన వైపు ముఖ్యంగా రెండు రకాలు, పసుపు నలుపు మచ్చలుండే లైమ్ బటర్‌ఫ్లై ఒకటి, నల్లగా ఉండి వెనక రెక్కల మీద తెల్ల చుక్కల వరస ఉండే కామన్ మోర్మన్ ఇంకోటి. తల్లి వచ్చి లేత చిగురు మీద గుడ్లు విడివిడిగా పెట్టి వెళ్ళిపోతుంది, ఆవగింజంత ఉంటుంది గుడ్డు, లేత పసుపు రంగు. కొద్ది రోజుల్లో పిల్ల బయటికొస్తుంది, అది చూడ్డానికి పురుగులా ఉండదు, అచ్చం పక్షి రెట్టలా ఉంటుంది, నల్లగా మధ్యలో తెల్ల పట్టీతో. ఎవరైనా రెట్ట తింటారా చెప్పండి, పిట్ట కూడా తినదు, అదే దాని ధీమా. కొంచెం పెద్దయ్యాక ఆ సైజులో రెట్ట ఉండదు కాబట్టి ఆ వేషం పనికిరాదు, అప్పుడు ఒక్కసారిగా ఆకుపచ్చ రంగులోకి మారిపోతుంది. మనకి పురుగు కనిపించేది సాధారణంగా ఈ ఆఖరి స్టేజిలోనే, అప్పటికి అది తినాల్సింది చాలావరకు తినేసి ఉంటుంది, ఇంకో నాలుగైదు రోజుల్లో ప్యూపా, అంటే రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే గూడు, కట్టుకోబోతోంది, మనం సరిగ్గా అప్పుడు మందు సీసా పట్టుకుని పరిగెత్తుతాం.

దాన్ని పుల్లతో మెల్లిగా తాకి చూడండి. తల వెనక నుంచి ఎర్రగానో నారింజ రంగులోనో రెండు కొమ్ముల్లాంటివి బయటికొస్తాయి, పాము నాలుకలాగా, దాంతోపాటు ఘాటైన వాసన. మనల్ని ఏమీ చేయదు, కుట్టదు, దురద పెట్టదు. చీమలూ సాలీళ్ళ లాంటివాటిని తరమడానికి ఆ ఏర్పాటు. ఇంత ఏర్పాటున్నా చాలా పిల్లలు సీతాకోకచిలుకలు కాలేవు, ఎందుకంటే కంటికి సరిగా ఆనని కందిరీగ జాతి పరాన్నజీవులు వచ్చి గుడ్లలోనో పురుగు ఒంట్లోనో తమ గుడ్లు పెట్టేస్తాయి, లోపల్నుంచి తినేస్తాయి. ఇవి కాక పిట్టలు, తొండలు, గొల్లభామ పురుగులు. అంటే మనం మందు కొట్టకపోయినా కరివేపాకు చెట్టుకి కాపలా ఎప్పుడూ ఉంటుంది, నాలుగు రెమ్మలు పోతాయి, మళ్ళీ చిగురేస్తుంది. కుండీలో ఉన్న చిన్న మొక్కయితే వేరే సంగతి, నాలుగు పురుగులు మొత్తం మొక్కని దూసేయగలవు, అప్పుడు చేత్తో తీసి పక్కనున్న నిమ్మ మీదకో మారేడు మీదకో మార్చేస్తే చాలు.

కామన్ మోర్మన్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఇంత పెద్ద నాటకం ఇంటి వెనకాల జరుగుతోందని చాలామందికి తెలీదు. ఇందులో మగవి అన్నీ ఒకేలా ఉంటాయి. ఆడవాటిలో మాత్రం మూడు రకాల వేషాలు. ఒక రకం మగదాని లాగే ఉంటుంది. రెండో రకం కామన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుక లాగా ఉంటుంది, మూడోది క్రిమ్సన్ రోజ్ లాగా. ఆ రోజ్ రెండూ ఈశ్వరి తీగ, గాడిదగడపాకు లాంటి మొక్కలు తిని పెరుగుతాయి, ఆ మొక్కల్లో విషం ఉంటుంది, అది వాటి ఒంట్లో చేరుతుంది, ఒకసారి తిని డోకొచ్చిన పిట్ట మళ్ళీ ఆ డిజైన్ జోలికి పోదు. మన కరివేపాకు తిని పెరిగిన మోర్మన్ ఒంట్లో విషమేమీ లేదు, ఊరికే ఆ డ్రెస్ వేసుకుని తిరుగుతుంది. ఇవన్నీ ఒకే జాతి ఆడవే అని 1865 లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త రాశాడు, అప్పటిదాకా వేరే వేరే జాతులనుకునేవాళ్ళు. ఈ వేషాలన్నిటినీ నడిపించేది డబుల్‌సెక్స్ అనే ఒకే ఒక్క జీన్ అని 2014 లో తేలింది, ఆ పనిలో బెంగళూరు శాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటే కూడా ఉన్నారు. మరి అన్ని ఆడవీ విషం వేషం వేసుకోవచ్చు కదా అని డౌట్ రావాలి. నకిలీలు ఎక్కువైపోతే పిట్టలకి తినదగ్గవే ఎక్కువ దొరుకుతాయి, అప్పుడు ఆ డిజైన్ అంటే ఉన్న భయం పోతుంది, వేషం దండగ. అందుకని నకిలీ ఎప్పుడూ అసలు కంటే తక్కువ ఉంటేనే లాభం. మీ పెరట్లో తేడా పట్టుకోవాలంటే రెక్కలు కాదు ఒళ్ళు చూడండి, అసలు రోజ్ ఒళ్ళు ఎర్రగా ఉంటుంది, మోర్మన్ ఒళ్ళు నల్లగానే ఉంటుంది, పైగా రోజ్ నెమ్మదిగా దర్జాగా ఎగురుతుంది, ఎవరూ తినరని దానికి తెలిసినట్టు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కూడా దీనికి దగ్గర చుట్టం ఒకటి తగులుతుంది. టెక్సాస్, ఫ్లోరిడా వైపు నిమ్మ జాతి మొక్కల మీద జెయింట్ స్వాలోటెయిల్ పురుగు ఉంటుంది, అదీ రెట్ట వేషమే. అక్కడ కరివేపాకు మొక్క ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపడానికి బోలెడు ఆంక్షలు కూడా ఉన్నాయి, ఎందుకంటే నారింజ తోటల్ని చంపేసే గ్రీనింగ్ జబ్బుని మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేపాకు మీద హాయిగా బతుకుతుంది.

ఇప్పుడు మందార దగ్గరికి రండి. మందార కొమ్మ చివర్లు తెల్లగా పిండి చల్లినట్టు అయిపోతే అది పిండినల్లి, ఆకుల వెనక నల్లగానో పచ్చగానో గుంపులు గుంపులుగా ఉంటే పేనుబంక. ఇవి చెట్టు రసం పీలుస్తాయి, ఆ రసంలో చక్కెర ఎక్కువ, అంత చక్కెర వాటికి అక్కర్లేదు, మిగిలింది తీపి బొట్లుగా వదిలేస్తాయి. ఆ తీపి కోసం చీమలు వస్తాయి. చీమలు వచ్చి తాగి పోతే గొడవ లేదు, కానీ అవి పాడి పశువుల్ని కాచుకున్నట్టు వీటిని కాస్తాయి, తినడానికి వచ్చిన అక్షింతల పురుగుల్ని, అంటే లేడీబగ్స్‌ని, కరిచి తరిమేస్తాయి. మిగిలిపోయిన తీపి ఆకుల మీద పడి దాని మీద మసి లాంటి బూజు పెరుగుతుంది, ఆకు నల్లబడుతుంది, మనం మసిని చూసి చెట్టుకి ఏదో తెగులనుకుంటాం. అసలు కథ కింద కాండం మీద నడుస్తున్న చీమల బారులో ఉంది. కాండం చుట్టూ కాగితం పట్టీ చుట్టి దాని మీద గ్రీజు లాంటి జిగురు పూసి చీమలు ఎక్కకుండా చేస్తే, చాలాసార్లు మిగతా పని అక్షింతల పురుగులే చూసుకుంటాయి. పక్క కొమ్మ గోడకి ఆనకుండా చూసుకోవాలి, లేకపోతే చీమలు ఆ దారిలో వచ్చేస్తాయి, వాటికి బైపాస్ రోడ్లు బాగా తెలుసు.

ఇక్కడ ఒక పెద్ద మోసం ఉంది జాగ్రత్త. పిండినల్లి గుంపులో కొంచెం పెద్దగా, తెల్లటి మైనం దారాలతో, మిగతా వాటికంటే చురుగ్గా కదిలేది ఒకటి కనిపిస్తే అది పిండినల్లి కాకపోవచ్చు. దాన్ని తినే క్రిప్టోలీమస్ అనే పెంకుపురుగు పిల్ల అది. ఆస్ట్రేలియా నుంచి ఎప్పుడో మన దేశానికి తెచ్చిన జాతి. పెద్దయ్యాక నల్ల ఒళ్ళు నారింజ రంగు తలతో వేరేగా ఉంటుంది, చిన్నప్పుడు మాత్రం తను తినే నల్లి లాగే ఉంటుంది. చాలామంది పెద్ద నల్లి దొరికిందని ముందు దాన్నే నలిపేస్తారు.

బయటి నుంచి వచ్చిన పురుగుకి మన దగ్గర శత్రువు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే బొప్పాయి పిండినల్లి కథ వినాలి. సెంట్రల్ అమెరికా వైపు పురుగది, 2008 లో కోయంబత్తూరులో బయటపడింది, బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం ఏదీ వదల్లేదు, రైతులు ఎన్ని మందులు కొట్టినా దాని ఒంటి మీదుండే మైనం పొర దాటి లోపలికి పోవు. చివరికి 2010 లో దాని సొంత ప్రాంతపు శత్రువుల్ని, అంటే అసెరోఫేగస్ లాంటి బుల్లి కందిరీగల్ని, ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలారు, బెంగళూరు కీటక శాస్త్ర సంస్థ వాళ్ళ ఆధ్వర్యంలో. కొన్ని నెలల్లోనే పురుగు అదుపులోకొచ్చింది. మందు చేయలేని పని కంటికి ఆనని కందిరీగ చేసింది. ఆ టైములో మందు కొడుతూ పోతే ఆ కందిరీగ కూడా పోతుంది, అందుకే వదిలిన చోట్ల మందులు ఆపమన్నారు.

పురుగుల సంగతి ఇంత చెప్పడానికి కారణం పిట్టలు. పిట్టలు కావాలి పురుగులు వద్దు అనేవాళ్ళే ఎక్కువ, గింజలు పెట్టే ఫీడర్ కొని బాల్కనీలో వేలాడదీస్తారు, అదే రోజు మందారకి మందు కొడతారు. తేనెపిట్టని చూడండి, పువ్వుల్లో తేనె తాగి బతుకుతుంది అని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. నిజమే కానీ పిల్లలకి తేనెతో కండ పట్టదు, ప్రొటీన్ కావాలి, అందుకని గూట్లో పిల్లలకి సాలీళ్ళూ చిన్న పురుగులూ తెచ్చి పెడుతుంది. గూడు కూడా సాలెగూడు దారాలతోనే అల్లుతుంది, బయట బెరడు ముక్కలు, ఎండాకుల తునకలు అతికిస్తుంది, దూరం నుంచి చూస్తే తీగకి చెత్త వేలాడుతున్నట్టుంటుంది. పండగ ముందు బూజు దులుపుతూ ఆ చెత్త కూడా లాగేసే ఇళ్ళు ఎన్నో. ఆకుల్ని కుట్టి గూడు చేసుకునే దర్జీ పిట్టకి కూడా సాలె దారమే కావాలి. పిగిలిపిట్ట పళ్ళు తింటుంది, పిల్లలకి పురుగులు. పిచ్చుక గింజలు తింటుంది, పిల్లలకి పురుగులు.

పిచ్చుక అనగానే సెల్ టవర్ అంటారు. టవర్ల రేడియేషన్ వల్లే పిచ్చుకలు పోయాయి అనడానికి గట్టి రుజువు లేదండి, ఎంతమంది ఎన్నిసార్లు ఫార్వర్డ్ చేసినా. 2020 లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ రిపోర్ట్ ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య ఇంచుమించు నిలకడగానే ఉంది, తగ్గింది హైదరాబాద్, చెన్నై, బెంగళూరు లాంటి ఆరు పెద్ద నగరాల్లో. పెంకుటింట్లో వాసాల మధ్య సందుండేది, దూలం మీద గూడు పెట్టేది, వసారాలో సంక్రాంతికి కట్టిన వరి కుచ్చు ఉండేది, దొడ్లో పాదుల మీద పురుగులుండేవి. ఇప్పటి ఫ్లాట్‌లో గోడకి సందు లేదు, మట్టి కనిపించదు, పురుగు లేదు. అన్నీ తీసేసి నెపం టవర్ మీద పెట్టడం మనకి సుఖంగా ఉంటుంది, అంతే. వరి కుచ్చు కట్టడం మంచిదే కానీ అది పెద్ద పిచ్చుకకి భోజనం, పిల్ల పిచ్చుకకి కాదు.

ఇక కోకిల. ఉగాది వస్తే కవులందరికీ కోకిల గుర్తొస్తుంది, పాడే కోకిలమ్మ అని ఆడదాన్ని చేసేశారు, నిజానికి ఆ కూ కూ అని గొంతు పెంచుకుంటూ పోయేది మగది, ఒళ్ళంతా నలుపు, కళ్ళు ఎరుపు. ఆడది గోధుమ రంగులో తెల్ల చుక్కలతో ఉంటుంది, పాట లేదు, కిక్ కిక్ కిక్ అని గోల తప్ప. కాకి గూడు కట్టే రోజులకి సరిగ్గా కోకిల గొంతు లేస్తుంది, రెండింటికీ లింకుంది, ఎందుకంటే కోకిలకి గూడు కట్టడం రాదు, గుడ్డు కాకి గూట్లో పెట్టాలి. ఒక్కోసారి మగది దగ్గర కొమ్మ మీద వాలి అరిస్తే కాకులు దాని వెంట పడతాయి, ఈలోపు ఆడది పని కానిచ్చేస్తుంది. కోకిల గుడ్డు కాకి గుడ్ల కంటే కొన్ని రోజులు ముందు పిల్లవుతుంది, ముందు పుట్టింది కాబట్టి ముందు నోరు తెరుస్తుంది, తిండి దానికే ఎక్కువ దక్కుతుంది. కొన్ని జాతుల కోకిలల పిల్లలు పుట్టగానే మిగతా గుడ్లని తోసి కింద పడేస్తాయి, మన కోకిల పిల్ల అలా తోసేయడం మామూలు కాదు, చాలా గూళ్ళలో కాకి పిల్లలూ కోకిల పిల్లా కలిసే పెరుగుతాయి. మే, జూన్ నెలల్లో ఎక్కడైనా ఒక కాకి తనలా లేని పిల్లకి నోట్లో మెతుకులు పెడుతూ కనిపిస్తే అది ఇదే.

పాపం కాకి అనుకునేలోపు ఇంకో సంగతి. అదే కాకి దర్జీ పిట్ట గూడూ పిచ్చుక గూడూ వెతుక్కుంటూ తిరుగుతుంది గుడ్ల కోసం. ఉడుత కూడా అంతే, రాముడు వీపు నిమిరిన ఉడుత అని మనం ముద్దు చేస్తాం గానీ సందు దొరికితే గుడ్లు తినేస్తుంది. అందుకే చిన్న పిట్టలు కొన్ని పసులపోలిగాడు గూడు దగ్గర్లో గూడు పెట్టుకుంటాయి, తోక రెండుగా చీలిన ఆ నల్ల పిట్ట సైజు చిన్నదే కానీ కాకి కనిపిస్తే చాలు వీపు మీద పొడిచి పొడిచి ఊరి చివరిదాకా తరుముతుంది, డేగని కూడా వదలదు. ఉడుత గుడ్ల దొంగే కానీ పెరట్లో అందరికీ కాపలాదారు కూడా అదే. పిల్లి వచ్చినా డేగ వచ్చినా తోక జాడిస్తూ ఆపకుండా చిక్ చిక్ చిక్ అని అరుస్తుంది, ఆ అరుపుకి పిట్టలన్నీ సర్దుకుంటాయి. మండిపోయే మధ్యాహ్నం అలా అరుపు వినిపిస్తే అది చూస్తున్న వైపు మీరూ చూడండి, ఎవరో ఒకరు దొరుకుతారు.

తొండ, బల్లి, పాము గురించి క్లుప్తంగా. తొండ రక్తం పీల్చదు, జత కట్టే కాలంలో మగదాని తలా మెడా ఎర్రబడతాయి, ఇంకో మగదాన్ని బెదిరించడానికి తలాడిస్తుంది, తినేది పురుగులు. బల్లికి విషం లేదు, కానీ దాని రెట్టలో సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండొచ్చు కాబట్టి బల్లి పడిన పాలు పారబోయడం తప్పేమీ కాదు, కారణం విషం కాదు అంతే. రెండు పాములు లేచి మెలికలు తిరుగుతుంటే నాగుపామూ జెర్రిపోతూ సరసం అంటారు, అది దాదాపు ఎప్పుడూ రెండు మగ జెర్రిపోతుల కుస్తీ. జెర్రిపోతుకి విషం లేదు, ఎలుకలు తింటుంది. అయితే చారల పాము కనిపిస్తే మాత్రం ఇది కట్లపామా, విషం లేని వుల్ఫ్ స్నేకా అని దగ్గరికెళ్ళి పరీక్ష పెట్టుకోవద్దు, రెండూ ఒకలాగే ఉంటాయి, దూరంగా ఉండి పాములు పట్టేవాళ్ళనో ఫారెస్ట్ వాళ్ళనో పిలవండి, కాటు పడితే మంత్రం, కట్టు, కోత ఏవీ వద్దు, కదలకుండా ఉంచి నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇవన్నీ చూడాలంటే బైనాక్యులర్, కెమెరా ఏవీ అక్కర్లేదు. ఒకే చోట ఒకే టైముకి కూర్చోవడం ముఖ్యం, పొద్దున్న ఎండెక్కకముందు అయితే పిట్టలు, ఎండెక్కాక సీతాకోకచిలుకలు, చీకటి పడ్డాక లైటు దగ్గర బల్లీ కప్పా. లోతు తక్కువున్న మట్టి మూకుట్లో నీళ్ళు పెట్టండి, మధ్యలో ఒక రాయి వేస్తే తేనెటీగలు వాలతాయి, వారానికి రెండుసార్లు పారబోసి తోమండి, లేకపోతే దోమలు పెట్టుకున్నట్టే, డెంగీ దోమకి ఆ కాస్త నీళ్ళు చాలు. ఒక మూల ఎండాకులు ఊడ్వకుండా వదిలేయండి, ఇంట్లో పెద్దవాళ్ళు తిడతారు, ఆ మూలే అని ఒప్పించుకోండి. గొంతు విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ లాంటి ఆప్‌లు ఇప్పుడు ఫ్రీగానే ఉన్నాయి, ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని పిట్టల లెక్కింపు జరుగుతుంది, 1998 లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలో కూడా చేస్తున్నారు, కనీసం పావుగంట చూసి లెక్క పంపితే చాలు, డాబా మీద నుంచైనా సరే.

పేర్లు రాకపోయినా పర్లేదు, నోట్లో ఏముందో చూడటం అలవాటు చేసుకోండి. పిట్ట నోట్లో పుల్లో పీచో ఉంటే గూడు కడుతోంది. పురుగుని పట్టి మింగకుండా అదే వైపు మళ్ళీ మళ్ళీ తీసుకెళ్తుంటే గూట్లో పిల్లలున్నాయి. గూటి వైపు నుంచి బయటికొస్తూ తెల్లటి చిన్న మూట లాంటిది మోసుకెళ్తుంటే అది పిల్లల రెట్ట, గూడు మురికి కాకుండా, వాసనకి ఎవరూ రాకుండా దూరంగా పారేస్తుంది. ఆ మూట కనిపించిన వారం రోజులూ ఫొటో కోసమైనా ఆ కొమ్మ దగ్గరికి పోకండి, మీరు ఎటు తొంగిచూస్తున్నారో కాకి గమనిస్తూనే ఉంటుంది.